దిగువ గుమ్మం దగ్గరి ఆవిడ

థెస్సలొనీక
సెప్టెంబరు, శిలువ పండుగ వెళ్ళిన వారం

మరిది ఆర్సేనికి వదిన అనస్తాసో దీవెనలు.

నీ ఉత్తరం అందింది. ఉత్తరం అని మర్యాదకి అంటున్నాను. నాలుగు వాక్యాలు. ముట్టడి తొలగిందని ఒకటి. పెలాగియా జ్వరంతో పోయిందని ఒకటి. నువ్వు కులాసా అని ఒకటి, అది అబద్ధం. మీ తోడల్లుడికి నమస్కారాలని ఒకటి. రాజధానిలో అన్నేళ్ళు చదువు వెలగబెట్టి, దుర్గాధిపతి దగ్గర రాయసం చేస్తూ, ఎవరి మేక ఎవరి చేలో పడిందో చెప్పడానికి బారెడు కాగితం నింపేవాడివి. నా చెల్లెలికి నాలుగు వాక్యాలా?

ఏడవాల్సింది ఏడ్చాను. ఇప్పుడు తిట్టే వంతు. దాన్ని మీ కొండమీది కోటకి కాపురానికి పంపేటప్పుడు మా అమ్మ బెంగపడింది. అల్లుడు బుద్ధిమంతుడే గానీ, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టున్నాడే అంది. పెలాగియా ఏమందో తెలుసా? "ఫరవాలేదమ్మా, ఆయన వంతు కూడా నేనే మాట్లాడతాను" అంది. ఇన్నేళ్ళూ అలాగే మాట్లాడింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరు మాట్లాడుతున్నారో నాకు తెలియడం లేదు.

అడిగినవాటికి జవాబు రాయి. దాన్ని ఎక్కడ పెట్టారు? చర్చికి ఏ పక్కన? రాయి మీద ఏం చెక్కించావు? ఏడాది తిరిగేనాటికి గోధుమలు ఉడికించి, ఎండుద్రాక్ష, దానిమ్మ గింజలు కలిపి దాని సమాధి దగ్గర పంచాలి. చోటు తెలియకుండా ఎక్కడ పంచను?

కంచరగాడిదల గొర్గి చేతికి వత్తుల కట్ట ఇచ్చి పంపుతున్నాను. మీ తోడల్లుడు ప్రొకోపి స్వయంగా పోశాడు. శుద్ధ తేనెమైనం. ఇన్నేళ్ళ వ్యాపారంలో కొవ్వు కలపకుండా పోసింది ఇదొక్కసారే అనుకుంటాను, జాగ్రత్తగా దాచుకో.

తింటున్నావా?

నీ వదిన


మావ్రోపెత్ర కోట
అక్టోబరు, పునీత దిమిత్రి పండుగ మర్నాడు

వదినగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం వాడుక. పెట్టాననుకోండి.

మీరు అడిగినదానికి జవాబు. పెలాగియాకు విడిగా సమాధి లేదు. మా శ్మశానం కోట బయట ఉంది. ఆ నెలలో అక్కడ ముట్టడి వేసిన పెచెనెగుల గుర్రాలు మేస్తున్నాయి. లోపల చనిపోయినవారందరినీ ఉత్తరపు గోడ కింద ఒకే గోతిలో పెట్టారు. పాద్రి కోస్మా అందరికీ కలిపి ఒకే ప్రార్థన చదివాడట. నేను అప్పుడు అదే జ్వరంతో మంచంలో ఉన్నాను. లేచి వెళ్ళేసరికి మట్టి కప్పేశారు. ఆమె ఏ పక్కన ఉందో చెప్పగలిగినవాళ్ళు లేరు. ఇప్పుడు ఆ నేల మీద గోడ మరమ్మతుకు సున్నం రాశులు పోస్తున్నారు. రాయి మీద ఏం చెక్కించావని అడిగారు. రాయి లేదు.

ముట్టడిలో దిగువ గుమ్మం కూలిపోయింది. దాన్ని తిరిగి కడుతున్నాం. ఇంటికొక మనిషి రావాలని రాజాజ్ఞ. రాళ్ళు లోయలోని పాత ఊరి శిథిలాల నుంచి తెస్తున్నారు. స్తంభాలు, గడపలు, ఏది దొరికితే అది గోడలోకి వెళుతోంది. ఏ రాయి ఎక్కడ పెట్టాలో మేస్త్రీలు నన్ను అడుగుతారు. తరువాత వాళ్ళ ఇష్టం వచ్చినట్టు పెడతారు.

వత్తులు అందాయి. వెలిగించడానికి చోటు లేక దాచాను. తోడల్లుడుగారికి చెప్పండి.

తింటున్నాను. మా ఊరి పప్పు. ఎప్పుడూ మాడుతుంది. ఎందుకో తెలియదు.

ఆర్సేని


థెస్సలొనీక
డిసెంబరు, పునీత నికోలా పండుగ సాయంత్రం

మరిదికి దీవెనలు.

నీ ఉత్తరం రెండు రోజులు ఎవరికీ చూపించలేదు. ప్రొకోపికి కూడా. ఆ గొయ్యి సంగతి ఇక అడగను. అడగనని రాశాను కాబట్టి నువ్వూ దాని గురించి మళ్ళీ రాయకు.

వేరే సంగతి ఉంది. గొర్గి మైనం దింపడానికి వచ్చాడు. వాడు అబద్ధం ఆడడు, సగం చెప్పి ఊరుకుంటాడు. మరిదిగారు ఎలా ఉన్నారని అడిగితే తల గోక్కున్నాడు. "బాగానే ఉన్నారమ్మా. సాయంత్రం పూట దిగువ గుమ్మం దగ్గర ఒకావిడ కోసం ఆగుతారు. టోపీ కూడా తీస్తారు. ఆవిడ మాత్రం కుర్చీలోంచి లేవదు" అన్నాడు.

పనిపిల్ల కూడా ఉందట. నగల పెట్టె కూడా ఉందట. కలిగినవాళ్ళే అన్నమాట.

నేనేమీ అనుకోను. మగవాడివి, ఒంటరివి, పప్పు మాడ్చుకుంటున్నావు. రెండో పెళ్ళికి చర్చివాళ్ళు కొన్నాళ్ళు ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వరు, నీకది పెద్ద నష్టం కాదు. ఆదివారాలు వెనక స్తంభానికి ఆనుకుని కునుకు తీసేవాడివని పెలాగియా చెప్పేది. కానీ లేచి పలకరించని మనిషి ఇంట్లో ఏం పనిచేస్తుంది? మా చెల్లెలు ఏనాడైనా కూర్చోగా చూశావా? ఎవరమ్మాయి? వితంతువా? నాకు ముందుగా చెప్పి ఉంటే నేనే మంచి సంబంధం చూసేదాన్ని కదా.

ఏమీ అనుకోనని ఇంతసేపు రాశానంటే నీకు అర్థం కావాలి.

వదిన


మావ్రోపెత్ర కోట
జనవరి, నీళ్ళ దీవెన పండుగ తరువాత

వదినగారికి నమస్కారాలు.

ఆవిడ రాతిది.

గొర్గి మిమ్మల్ని ఆటపట్టించాడు. అది విని మీరు పెట్టిన ముఖాన్ని ఇక్కడ దుర్గాధిపతి వార్దా దాకా అందరికీ అభినయించి చూపించాడు. వార్దా మళ్ళీ చేయించుకుని చూశాడు.

సంగతి ఇది. లోయలో క్రీస్తును ఎరగని కాలపు సమాధులు చాలా ఉన్నాయి. నవంబరులో అక్కడి నుంచి ఒక పాలరాతి పలక వచ్చింది. కుర్చీలో కూర్చున్న స్త్రీ. ఎదురుగా నగల పెట్టె పట్టుకున్న దాసి. కుర్చీ కింద కుక్క. అలాంటి రాళ్ళను ముఖం లోపలికి తిప్పి గోడలో పెడతారు. మేస్త్రీ అలాగే పెట్టబోయాడు. నేను ఆపి, ముఖం బయటికి పెట్టమన్నాను. ఎందుకన్నాడు. గోడకు బలం అన్నాను. గోడల గురించి అంత తప్పు మాట నేనెప్పుడూ అనలేదు.

కారణం ఆవిడ గడ్డం. కాస్త ముందుకు వచ్చి, ఎదుటివాడు తప్పు మాట అనేదాకా కాచుకున్నట్టు ఉంటుంది. పెలాగియా నా మాట వినేటప్పుడు అలాగే ఉండేది.

పలక కన్నంలో పట్టలేదని పై అంచు చెక్కేశారు. పేరు పోయింది. కింద ఒక వరుస మిగిలింది. ఆ పాత రాత చదవగలిగినవాడిని ఈ ఊళ్ళో నేనొక్కడినే. "భర్త నిలిపిన రాయి. ఇన్నేళ్ళలో ఈమె నన్ను ఒక్కసారే దుఃఖపెట్టింది." ఇంతే ఉంది.

సాయంత్రం పని ముగించుకుని ఆ గుమ్మం మీదుగానే ఇంటికి వెళతాను. ఆగుతాను. టోపీ తీస్తాను. ఉత్తరపు గోడ దగ్గరికి వెళ్ళి సున్నం రాశి ముందు నిలబడలేను కాబట్టి, ఇక్కడ నిలబడుతున్నాను.

పెళ్ళి లేదు. చర్చిలో కునుకు తీసేవాడినన్నది పెలాగియా కల్పన. కళ్ళు మూసుకుని వినేవాడిని.

ఆర్సేని


థెస్సలొనీక
ఫిబ్రవరి, ఉపవాసాల ముందటి జున్ను వారం

మరిదికి దీవెనలు.

గొర్గికి ఈసారి మా ఇంట్లో భోజనం పెట్టలేదు. గుమ్మంలో నిలబెట్టి మైనం దింపించుకున్నాను. వాడు వీధి చివర దాకా నవ్వుకుంటూనే వెళ్ళాడు.

నిన్ను అనుమానించాను, నిజమే. తప్పు ఒప్పుకోవడం మా ఇంట్లో అలవాటు లేదు కాబట్టి ఉప్పుచేపలు పంపుతున్నాను. రాత్రి నీళ్ళలో నానబెట్టి, పొద్దున ఆ నీళ్ళు పారబోసి వండు. నానబెట్టిన నీళ్ళతోనే వండి, తరువాత నా చేప ఉప్పగా ఉందని రాయకు.

ఆ గడ్డం గురించి రాసింది మూడుసార్లు చదివాను. ముందుకు వచ్చి, తప్పు మాట కోసం కాచుకున్నట్టా? అయితే అది మా నాన్న గడ్డం, సందేహం లేదు. మైనం తక్కువ తూచిన ఎంతమంది ఆ గడ్డం చూసి తిరిగి తూచారో. ఏ కాలంలోనో పోయిన ఆ మహాతల్లికి మా నాన్న గడ్డం ఎలా వచ్చిందో మాత్రం నన్ను అడగకు.

ఒక హెచ్చరిక. టోపీ తీయడం మానెయ్. చదువుకున్నవాడివి. నువ్వు వార్దాకే సరిగ్గా వంగి దణ్ణం పెట్టవని ఊరంతా అనుకునేదట, పెలాగియా రాసేది. అలాంటివాడు ఒక రాయికి రోజూ టోపీ తీస్తే చూసేవాళ్ళు ఊరుకుంటారా?

వదిన


మావ్రోపెత్ర కోట
మార్చి, దేవదూత శుభవార్త పండుగ నాడు

వదినగారికి నమస్కారాలు.

చేపలు నానబెట్టిన నీళ్ళతోనే వండాను. మీ ఉత్తరం తరువాత చదివాను.

హెచ్చరిక కూడా అలాగే ఆలస్యమైంది. ఆవిడ ఇప్పుడు పునీత థెక్లా.

ఇది కాపలావాళ్ళ పని. రాయసంవాడు రోజూ టోపీ తీస్తున్నాడు కాబట్టి ఆవిడ ఎవరో పెద్ద పునీతురాలని తేల్చారు. ఎవరన్నది కుర్చీ కిందికి వంగి చూసి కనిపెట్టారు. థెక్లాను మృగాల ముందు వదిలితే ఆడసింహం వచ్చి ఆమె పాదాల దగ్గర పడుకుందని అందరికీ తెలుసు. ఇక్కడ పాదాల దగ్గర జంతువు ఉంది. దాసి చేతిలోది నగల పెట్టె కాదు, పునీతుల ఎముకల పెట్టె. ఎవరికీ ఏ సందేహమూ మిగల్లేదు.

నేను వార్దా దగ్గరికి వెళ్ళి అది కుక్క అని చెప్పాను.

"మీరు సింహాన్ని చూశారా?" అన్నాడు.

చూడలేదన్నాను.

"మరి?" అన్నాడు.

పాద్రి కోస్మాకు చెబితే, ఉపవాసాలు అయ్యాక మాట్లాడదాం, ఆకలి మీద మతం సంగతులు తేలవన్నాడు.

దీపాలు పెట్టారు. అంతవరకు ఫరవాలేదు. ఇప్పుడు గీకుతున్నారు. చాకుతో పాలరాతిని గీకి, ఆ పొడిని నీళ్ళలో కలిపి జ్వరం వచ్చినవాళ్ళకు తాగిస్తారు. కుమ్మరి భార్య తన పిల్లకు తాగించింది. పిల్లకు జ్వరం తగ్గింది. మర్నాటి నుంచి పక్క ఊళ్ళవాళ్ళు కూడా వస్తున్నారు. చేతికి అందే ఎత్తులో ఉన్నది ముఖం. ముఖంలో ముందుకు వచ్చి ఉన్నది గడ్డం. గోరంత అప్పుడే పోయింది.

జ్వరంతో ఉన్న పిల్లను ఎత్తుకుని వచ్చిన తల్లిని గీకవద్దనడం ఎలాగో నాకు చేతకాలేదు. ఇప్పుడు టోపీ తీయడం మానేశాను. నా భక్తి పండి మౌనంలో పడ్డానని చెప్పుకుంటున్నారు.

ఆర్సేని


థెస్సలొనీక
ఏప్రిల్, ఈస్టరు వెళ్ళిన వారం

మరిదికి ఈస్టరు పలకరింపు, క్రీస్తు లేచాడు. మామూలు మాటలు తరువాత.

నీ ఉత్తరం ప్రొకోపికి చదివి వినిపించడం నాదే తప్పు. పునీతురాలు అనగానే లేచి నిలబడ్డాడు. యాత్రికులు వస్తే వత్తులు కావాలి కదా అన్నాడు. రెండు పెట్టెలు కట్టించాడు. అవి ఈ ఉత్తరంతోపాటే వస్తాయి. మీ పాద్రికి ఇచ్చి అమ్మించమంటున్నాడు. నువ్వు తీసి ఏ కొట్టంలోనో పడెయ్. వాటిలో మైనం కోసం దీపం పెట్టి వెతకాలి.

నేను చెప్పేది విను. మా నాన్న గడ్డాన్ని మీ ఊరివాళ్ళు గీకి తాగుతున్నారా? ఆయన బతికి ఉండగా జ్వరం వచ్చినవాడు ఆయన దగ్గరికి వెళితే ఇంకాస్త పెరిగేది. చెప్పుకుంటే నవ్వొస్తోంది గానీ, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాను. పెలాగియా మిగిలిన ఒక్క చోటూ ఇలా అరిగిపోవాలా?

నువ్వు గట్టిగా ఒక్క మాట చెప్పు. నీకు నోరు లేకపోతే పెలాగియా ఏమనేదో తలుచుకుని అదే అను. నీళ్ళ తొట్టి దగ్గర వరస తప్పినవాళ్ళని అది ఎలా దులిపేసేదో నీకు గుర్తుందా? ముట్టడి రోజుల్లో నీళ్ళు కొలిచి పోసే పని దానికే అప్పగించారని గొర్గి చెప్పాడు. దాని ఎదుట ఎవరూ వరస తప్పి చెయ్యి చాచలేకపోయారట. నువ్వు దాని మొగుడివి కాదూ?

వదిన


మావ్రోపెత్ర కోట
మే, పునీత కాన్‌స్తాంతిన్ పండుగ

వదినగారికి నమస్కారాలు.

పెట్టెలు కొట్టంలో ఉన్నాయి. ఎలుకలు ఆనందంగా ఉన్నాయి కాబట్టి కొవ్వు గురించి మీరన్నది నిజమే.

బిషప్‌గారి కచేరీకి ఎవరో రాశారు. అనుమతి లేకుండా కొత్త పునీతురాలు వెలిసిందని. పెంతెకోస్తు తరువాత ఒక డీకన్ విచారణకు వస్తున్నాడు. చదువుకున్నవాడట. సువార్త మీద చెయ్యి పెట్టించి అడిగేది నన్నే. ఆ అక్షరాలు చదివేవాడిని నేనే కాబట్టి.

అన్యుల రాయి అని చెబితే గునపాలు తెస్తారు. ముఖం లోపలికి తిప్పి సున్నం కొడతారు. థెక్లా అని చెబితే వెండి తొడుగు వేయిస్తారు. వార్దా కంసాలిని అప్పుడే మాట్లాడాడు. తొడుగు వేయని చోటు ముఖమే. జనం గీకుతూనే ఉంటారు. కొన్నేళ్ళకు అక్కడ ఏమీ ఉండదు. మొదటిది నిజం, రెండోది అబద్ధం. రెండింటిలో ఏది చెప్పినా ఆవిడ నాకు మిగలదు.

వార్దా నిన్న స్వయంగా మా ఇంటికి వచ్చాడు. పప్పు తిన్నాడు. అది అతని పట్టుదలకు గుర్తు. "సింహం అనండి చాలు. మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు. గోడ మీద నిలబడేవాళ్ళకు ఆవిడ ఉందన్న ధైర్యం ఉందట. వచ్చే వేసవిలో మళ్ళీ గుర్రాలు వస్తే ఆ ధైర్యం కావాలట. అతనన్నదాంట్లో తప్పు లేదు.

సువార్త మీద చెయ్యి పెట్టి అబద్ధం చెప్పలేను. నిజం చెప్పాలని లేదు. ఇంతకాలం చదివిన చదువులో మూడో మాట ఎక్కడా నేర్పలేదు.

మిమ్మల్ని సలహా అడగడం ఇదే మొదటిసారి. ఆటపట్టించకండి. లేదా పట్టించండి, సలహా కూడా రాయండి.

ఆర్సేని


థెస్సలొనీక
జూన్, పెంతెకోస్తు ముందు

మరిదికి దీవెనలు.

నేను వస్తున్నాను. ప్రొకోపి వద్దన్నాడు కాబట్టి గొర్గి గాడిద మీద కూర్చునైనా తప్పకుండా వస్తాను. నేను వచ్చేదాకా నువ్వు నోరు తెరవకు, అది నీకు చేతనైన పనే. చూశావా, నాలుగు వాక్యాల్లో రాయడం నాకూ వచ్చు.

వదిన


థెస్సలొనీక
జులై, పునీత ఏలియా పండుగ

మరిదికి దీవెనలు.

ఇల్లు చేరాను. నడుము ఇంకా కొండ దిగలేదు. గాడిద మీద వచ్చేముందు ఎవరైనా నాకు ఆ దారి గురించి చెప్పి ఉండాల్సింది. పెలాగియా చెప్పింది, నేను నమ్మలేదు.

గొర్గి ఆగి ఉంటే అక్కడే తేల్చుకుని వచ్చేదాన్ని. వర్షం వస్తే వాగు దాటలేమని గోల పెట్టాడు. ఆ డీకన్ నన్ను బయట వసారాలో కూర్చోబెట్టి తలుపు వేసుకున్నాడు. లోపల నువ్వేం చెప్పావో, ఏం తేలిందో తెలియకుండానే దిగి వచ్చాను. అది రాయి. ముందు నా సంగతి రాస్తాను. నువ్వు పక్కనే ఉన్నా నేల చూస్తున్నావు కాబట్టి సగం చూసి ఉండవు.

గుమ్మం దగ్గర ఊరంతా మూగింది. డీకన్ సన్నగా, పుస్తకాల మనిషిలా ఉన్నాడు. "ఈ ముఖం ఎవరిదో ఎరిగినవాళ్ళున్నారా?" అన్నాడు. వార్దా సింహం అంటూ మొదలుపెట్టాడు. నేను జనాన్ని తోసుకుని వెళ్ళాను.

"ఆ గడ్డం మా ఇంటిదండీ" అన్నాను. "మా చెల్లెలు ముట్టడిలో ఈ ఊళ్ళోనే పోయింది. సమాధి లేదు. మొగుడు ఈ రాయి పెట్టించి రోజూ టోపీ తీస్తున్నాడు. ఇందులో పునీతురాలు ఎక్కడా లేదు. మా ఇంట్లో పునీతురాలు పుట్టి ఉంటే మా అమ్మకి కాస్త సుఖం ఉండేది."

"రాతి పక్కన నిలబడమ్మా" అన్నాడు.

నిలబడ్డాను. నన్ను చూశాడు, రాయిని చూశాడు, మళ్ళీ నన్ను. నా పెళ్ళయ్యాక ఏ మగవాడూ నా ముఖం అంతసేపు చూడలేదు. ప్రొకోపికి చెబితే, దీపం దగ్గరికి వచ్చి తనూ ఒకసారి చూశాడు. ఎవరో అవునవును, అదే గడ్డం అన్నారు. ఇంకెవరో నవ్వారు. అప్పుడు నన్ను వసారాలోకి పంపేశారు.

ఇప్పుడు ఇంకో మాట. రాయాలా వద్దా అని వచ్చినప్పటి నుంచీ ఆలోచిస్తున్నాను.

మరిదీ, ఆ గడ్డం మా ఇంటిదన్నది అబద్ధం కాదు. మా నాన్నది. ఆయన నుంచి నాకు వచ్చింది. పెలాగియాకి రాలేదు. దానిది అమ్మ గడ్డం. ఎవరూ తప్పు మాట అనేదాకా అది కాచుకుని ఉండేది కాదు, ఆ లోపలే నవ్వేసేది. సంబంధం మాట్లాడడానికి నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడు తలుపు దగ్గర నిలబడి నిన్ను అలా చూసింది నేను. నీ ఉత్తరంలో చదివినప్పుడే అనుమానం వచ్చింది. పక్కన నిలబడ్డాక రూఢి అయింది.

చెప్పకుండా ఊరుకుందామనుకున్నాను. కానీ దాని ముఖం తెలిసినవాళ్ళం ఇక మనిద్దరమే.

కోపం వచ్చిందా? వస్తే రాయి.

వదిన


మావ్రోపెత్ర కోట
ఆగస్టు, మరియమాత నిద్ర పండుగకు ముందు

వదినగారికి నమస్కారాలు.

మిమ్మల్ని బయటికి పంపాక డీకన్ సువార్త తెప్పించాడు. నా చెయ్యి దాని మీద పెట్టించి, రాతి మీద ఉన్నది చదవమన్నాడు. నాకు కంఠతా వచ్చు. చదివాను.

"ఏ భర్త?" అన్నాడు.

"ఈ రాయిని ఇక్కడ పెట్టించినవాడిని నేను" అన్నాను.

ఆయన గుమ్మం దగ్గరికి వెళ్ళి అక్షరాలను వేలితో తడిమి వచ్చాడు. అది ఈ కాలపు చెక్కడం కాదని ఆయనకు తెలిసింది. తెలిసిందని నాకూ తెలిసింది. మంచి చేతిపని, ఇప్పుడిలా చెక్కేవాళ్ళు లేరన్నాడు.

"ఒక్కసారేనా?" అన్నాడు.

"ఒక్కసారే" అన్నాను.

శిలువ చెక్కించమన్నాడు. పోయిన వరుసలో పేరు వేయించమన్నాడు. దీపాలు, వెండి తొడుగు వద్దన్నాడు. చనిపోయిన క్రైస్తవురాలికి పెట్టే వత్తి మామూలుగా పెట్టుకోవచ్చన్నాడు. పప్పు తినకుండానే వెళ్ళిపోయాడు. వార్దా ముందుగా చెప్పి ఉంటాడు.

పేరు చెక్కడం నిన్నటితో అయింది. ఊళ్ళో అందరూ అది పెలాగియానే అని మొదటిరోజే పోల్చామంటున్నారు. గీకడం ఆగిపోయింది. నీళ్ళ తొట్టి దగ్గర తమను దులిపేసిన మనిషిని గీకి తాగడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. కాపలావాళ్ళు మాత్రం పొద్దున గుమ్మం తెరిచేటప్పుడు ఆమెకు చెప్పి తెరుస్తున్నారు. ఆవిడ ఉండగా వరస తప్పి ఎవరూ లోపలికి రాలేరు, గుర్రాలైనా సరే అని వార్దా అన్నాడు. అతనికి కావలసింది అతనికి దొరికింది.

కుమ్మరి భార్య ఒక్కతే ఇంకా దీపం తెస్తోంది. పునీతురాలు కాదని చెప్పాను. తెలుసంది. ముట్టడిలో పెలాగియా తన వాటా కూజా రోజూ ఆమెకే ఇచ్చేదట, కడుపుతో ఉందని. నేను అడిగినప్పుడల్లా, తొట్టి దగ్గరే తాగి వచ్చానని నాతో చెప్పేది. ఆ దీపాన్ని నేను తీయలేదు. డీకన్‌గారికి ఎవరైనా రాస్తే రాయనివ్వండి.

కుక్కను చెక్కేయమన్నాను. పెలాగియాకు కుక్కలంటే పడదని మీకు తెలుసు. మేస్త్రీ ఒప్పుకోలేదు, గోడకు బలం అన్నాడు. ఇప్పుడు కాపలావాళ్ళ కుక్క కూడా ఆ నీడలోనే పడుకుంటోంది. తోలడం మానేశాను.

మీరు వదిలి వెళ్ళిన గోధుమలు ఏడాది రోజున ఉడికిస్తాను. నానబెట్టిన నీళ్ళు పారబోస్తాను. మాడితే మాడినవే పంచుతాను. తోడల్లుడుగారి శుద్ధ మైనపు వత్తులు ఆ రోజు బయటికి తీస్తాను. ఇప్పుడు వాటికి చోటు ఉంది.

గడ్డం సంగతి. కోపం రాలేదు. మీరు రాతి పక్కన నిలబడగానే నాకూ తెలిసింది. నేల చూస్తున్నానని రాశారు. అందుకే నేల చూశాను. ఒక్క ఏడాదిలో ఆమె ముఖం నా దగ్గర నుంచి ఎక్కడికి పోయిందో తెలియదు. ఇప్పుడు తలుచుకుందామని కూర్చుంటే మీ ముఖమే వస్తోంది, ఏదో తప్పు పట్టబోతున్నట్టు. సాయంత్రాలు ఇంకా ఆగుతున్నాను. పేరు చదువుతాను. మీకు కూడా కలిపి టోపీ తీస్తున్నాను.

ఒక కోరిక. మీ అమ్మగారిని నేను పెళ్ళిలో ఒకసారి చూశాను, అదీ ముసుగులో. వచ్చే ఉత్తరంలో ఆమె గడ్డం ఎలా ఉండేదో రాయండి. నవ్వేటప్పుడు ఎలా ఉండేదో కూడా. నాలుగు వాక్యాల్లో వద్దు.

ఆర్సేని